పిడుగుకు పుట్టిన పువ్వు

ఒక్క పూట చూసి మనిషికి పేరు పెట్టేవాడా, ఈ మాట నీకే. పక్కింట్లో కొత్తగా దిగినవాడు ఒకనాడు పలకరించకపోతే పొగరుబోతు అంటావు. ఆ రోజు వాడికి పన్ను నొప్పేమో నీకు తెలియదు. తెలియదని ఒప్పుకోవు కూడా. తెలియని చోటల్లా నీ సొంత కల్పన పోసి నింపుతావు. తక్కువ చూడటం తప్పు కాదు. చూడనిది కలపడం తప్పు. కూర్చో. నీలాంటివాడి కథ ఒకటి చెబుతాను. నవ్వొస్తే నవ్వు. నవ్వడం అయ్యాక నీ సంగతి చూసుకో.

పూర్వం సముద్రానికి దగ్గరగా ఒక కొండ మీద బౌద్ధ విహారం ఉండేది. అక్కడ శీలరక్షితుడనే ముసలి భిక్షువు శిష్యులకు మొక్కల విద్య నేర్పేవాడు. కింది ఊళ్ల నుంచి జ్వరంవాళ్లు, దగ్గువాళ్లు, తేలు కుట్టినవాళ్లు కొండెక్కి వచ్చేవాళ్లు. ఏ ఆకు దేనికి పనికొస్తుందో తెలియకపోతే వచ్చినవాళ్లకు మేలు జరగదు. అందుకని ఆ విద్యను అక్కడ ఎవరూ ఆటగా తీసుకునేవాళ్లు కాదు.

అయితే భిక్షువులకు రెండు కట్టుబాట్లు ఉన్నాయి. నేల తవ్వకూడదు. పచ్చని మొక్కను తెంపకూడదు. తవ్వేదీ తెంపేదీ విహారం తోట చూసుకునే గృహస్థు చేసేవాడు. భిక్షువులు మాత్రం కళ్లతో చూసి, ముక్కుతో వాసన పట్టి, రాలిన ఆకు ఏరుకుని నేర్చుకోవాలి. రాత లేదు, అంతా నోటిపాఠమే. సాయంత్రం వరుసగా కూర్చుని అందరూ ఒకే గొంతుగా వల్లె వేసేవాళ్లు.

ఆ పాఠంలో మొక్కలన్నిటికీ ఐదు పుట్టుకలు. దుంప నుంచో వేరు నుంచో పుట్టేవి కొన్ని, పసుపూ అల్లమూ వసా లాంటివి. కొమ్మ పాతితే బతికేవి కొన్ని, మునగలా, మేడిలా. చెరకూ వెదురూ కణుపు నుంచి పుడతాయి. మరువం కొన తుంచి గుచ్చితే చాలు, లేస్తుంది. మిగిలినవి వరిలాగా పెసరలాగా గింజ నుంచి. ఏ మొక్క కనబడినా ముందు దాని పుట్టుక చెప్పాలి. ఆ తర్వాత ఆకు, పువ్వు, కాయ, వాసన, రుచి, గుణం.

కొత్త మొక్క ఒకటి పాఠంలో చేర్చాలని ఎవరైనా వస్తే శీలరక్షితుడు ఒకటే వరుసలో అడిగేవాడు.

"మొలక చూశావా? ఆకు చూశావా? పువ్వు? కాయ? ఎండిపోవడం చూశావా?"

ఒక్కదానికి "లేదు" అన్నా సరే, "అయితే మీ ఇద్దరికీ ఇంకా పరిచయం కాలేదు, మళ్లీ వెళ్లు" అని పంపేసేవాడు.

ఆయన శిష్యుల్లో ధమ్మిలుడు అందరికన్నా చురుకు. గొంతు కంచు గంట. ఐదు పుట్టుకల పాఠం మొత్తం రెండు ఊపిరుల్లో వల్లించేవాడు. మూడోసారి ఊపిరి పీల్చినవాణ్ణి చూసి నవ్వేవాడు. అతని తోటివాడు విధికుడు. విధికుడి నడక నెమ్మది, మాట నెమ్మది. గచ్చకాయ పొద ఒకదాని దగ్గర ఏడాది పొడుగునా రోజూ కూర్చుని, చివరికి పాఠంలో ఒకే ఒక్క మాట కలిపాడు. ధమ్మిలుడు ఆ మాట వచ్చినప్పుడల్లా ఆవలించేవాడు.

"విధికా, ఆ పొద నిన్ను చూసి భయపడి ఉంటుంది. వీడికి నేనేం బాకీ పడ్డాను అనుకుని ఉంటుంది."

"భయపడలేదు. అలవాటు పడింది" అనేవాడు విధికుడు.

శీలరక్షితుడికి ఆ మధ్య గొంతు పోతూ వచ్చింది. నాలుగు మాటలకు ఒకసారి ఆగి దగ్గాలి. ఇక పాఠాన్ని ముందుండి నడిపేవాడు ఒకడు కావాలి. పాఠం పట్టేవాడు అంటారు వాణ్ణి. వాడు ఎలా చెబితే వెనకవాళ్లు అలా చెబుతారు, వాళ్ల శిష్యులూ అలాగే చెబుతారు. వాడు తప్పు చెబితే ఆ తప్పు కూడా తరతరాలుగా నడుస్తుంది. మరుసటి ఏడు వానలకు ముందు చుట్టుపక్కల విహారాల పెద్దలంతా కొండ మీద కలుస్తారు. పాఠం పట్టేవాణ్ణి ఆ రోజు నిర్ణయిస్తారు. ధమ్మిలుడి మనసంతా పాఠం పట్టేవాడు కూర్చునే పీట మీద ఉంది.

భిక్షువులు వానాకాలం మూడు నెలలూ విహారంలోనే ఉంటారు. మిగతా కాలమంతా ఊరూరా తిరుగుతారు. ఆ ఏడు వానలు మొదలవగానే ధమ్మిలుడు తిరుగుడు ముగించుకుని, కాళ్లు కూడా కడుక్కోకుండా గురువు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"భంతే, మన పాఠం తప్పు" అన్నాడు.

శీలరక్షితుడు దగ్గడం ఆపి, "కూర్చుని చెప్పు" అన్నాడు.

"పుట్టుకలు ఐదు కావు, ఆరు. నేను కళ్లారా చూశాను. కొండల అవతల మొదటి ఉరుము ఉరిమింది. ఆ తర్వాత బోడి నేల మీద ఒక పువ్వు. ఆకు లేదు. కొమ్మ లేదు. తీగ లేదు. నేలలోంచి నేరుగా పువ్వే. ఎంత ఉందనుకున్నారు, అన్నం కుండంత. వంకాయ రంగు. అంచులు ఆడవాళ్ల చీర కుచ్చిళ్లలా ఉన్నాయి. మధ్యలో ముడతలు పడిన పెద్ద ముద్ద. ఆకే లేని దానికి దుంప ఎక్కడిది, గింజ ఎక్కడిది? అది పిడుగుకు పుట్టింది. ఆరోది పిడుగు పుట్టుక."

చుట్టూ చేరిన భిక్షువుల కళ్లు పెద్దవయ్యాయి.

"వాసన?" అని అడిగాడు గురువు.

ధమ్మిలుడు ఒక్క క్షణం తటపటాయించాడు. "ఆ రోజు నాకు జలుబు, భంతే. కానీ అంత అందమైన పువ్వుకు వాసన లేకుండా ఉంటుందా? మొగలి లాంటి వాసన అయి ఉంటుంది. నేను దానికి ధమ్మిలగంధం అని పేరు పెట్టాను. పాఠం కూడా కట్టేశాను."

అంటూనే కంచు గొంతు ఎత్తి పాడాడు. ఉరుముకు పుట్టేది, ఆకు ఎరుగనిది, మొగలిని మించిన సుగంధం గలది, తలనొప్పిని తీసేది, ధమ్మిలగంధం.

"తలనొప్పి ఎప్పుడు తీసింది?" అన్నాడు విధికుడు.

"సుగంధం ఉన్నవన్నీ తలనొప్పికి మంచివే కదా. అంత మాత్రం ఊహించలేమా?"

"మరుసటి నెల అక్కడికి వెళ్లి చూశావా? పువ్వు వాడిపోయాక ఏముంది?"

"నేను తిరిగే భిక్షువుని, విధికా. దానికి కాపలావాణ్ణి కాను."

"నువ్వు సుగంధం అన్నావని రేపు ఎవరో నూరి నుదుటికి పట్టించుకుంటారు."

"పట్టించుకుని నా పేరు చెప్పుకుంటారు. నీ గచ్చకాయ పేరు చెప్పుకునేవాడు ఎవడైనా ఉన్నాడా?"

అందరూ నవ్వారు. విధికుడు కూడా కొంచెం నవ్వాడు. నాలుగు రోజులు గడిచేసరికి కుర్ర భిక్షువులంతా భిక్షకు వెళ్తూ వస్తూ ధమ్మిలగంధం పాటే పాడుతున్నారు. రాగం అంత బాగుంది మరి. ఆ వానాకాలం అక్కడ ఆగిన వేరే విహారాల భిక్షువులు ఇద్దరు ముగ్గురు దాన్ని నేర్చుకుని, వానలు వెళ్లాక తమ విహారాలకు పట్టుకెళ్లారు.

గురువు అవుననలేదు, కాదనలేదు. ఒక ఉదయం ధమ్మిలుడి గది ముందుకు వచ్చి నిలబడ్డాడు. అక్కడ తోట అంచున ఒంటికాడ మొక్క ఒకటి ఉంది. కాడ మీద పాము పొడల్లాంటి మచ్చలు, పైన గొడుగు విప్పినట్టు ఆకు.

"ఇదేమిటి?"

ధమ్మిలుడు ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాడు. "కంద, భంతే. దుంప పుట్టుక. ఆకు గొడుగు. పచ్చి దుంప దురద, చింతపండుతో ఉడికిస్తే కమ్మన. పువ్వు లేదు."

"పువ్వు లేదా?"

"ఎవరూ చూడలేదు కదా, భంతే."

గురువు తోట చూసే గృహస్థును పిలిచి, "చలికాలంలో కంద తవ్వేటప్పుడు ఈ ఒక్కదాన్నీ వదిలెయ్యి నాయనా" అని చెప్పాడు. తర్వాత వంగి దారిలో గులకరాళ్లు ఏరి, ఆ మొక్క చుట్టూ గుండ్రంగా పేర్చాడు. ముసలాయన కదా, పేర్చేసరికి చాలాసేపు పట్టింది. ధమ్మిలుడు చేతులు కట్టుకుని నిలబడి చూశాడు.

"ఈ ఏడు నువ్వు తిరగడానికి వెళ్లొద్దు" అన్నాడు గురువు. "ఇక్కడే ఉండు. ఈ రాళ్ల లోపలి చోటు రోజూ ఊడ్చి శుభ్రంగా పెట్టు."

"భంతే, నేను ఆరో పుట్టుక గురించి అడిగాను."

"అడిగావు. నేను చెప్పేది కూడా చెప్పాను."

ధమ్మిలుడికి ఇది అవమానంగా తోచింది. కాని పీట గుర్తొచ్చి ఊరుకున్నాడు. ఓపికకు పరీక్ష పెడుతున్నాడు ముసలాయన అనుకున్నాడు.

వానలు వెళ్లాయి. చలి వచ్చింది. కంద ఆకు పసుపు పచ్చబడింది, వాలింది, కాడతో సహా కుళ్లి నేలలో కలిసిపోయింది. తోటలో మిగతా కందలన్నీ తవ్వేశారు. అవి పులుసై, విహారంలో అందరి కడుపుల్లోకీ వెళ్లాయి. రాళ్ల మధ్య బోడి నేల మిగిలింది. ధమ్మిలుడు దాన్నే ఊడ్చాడు.

తిరగడానికి బయలుదేరుతున్న భిక్షువులు అతని ముందు ఆగి మరీ వెళ్లారు.

"ధమ్మిలా, మట్టికి మెరుగు పెడుతున్నావా?"

"తొందరపడకు, ఇంకో నాలుగు నెలలు ఊడిస్తే ముఖం కనబడుతుంది."

విధికుడు మాత్రం మూట దించి అడిగాడు. "నీకు వెళ్లాలని ఉంటే వెళ్లు. భంతేని అడిగి నేను ఉంటాను. నాకు ఒకచోట కూర్చోవడం అలవాటే."

"నువ్వు కూర్చుంటే పీట నీకు వస్తుందనా?"

విధికుడు మూట ఎత్తుకుని వెళ్లిపోయాడు.

వేసవి వచ్చింది. విహారం గదులు కుమ్మరి ఆవంలా మండాయి. కొండ మీద ముసలి గురువు, ధమ్మిలుడు, కొన్ని కాకులు. తోచక ధమ్మిలుడు తన పాటకు మెరుగులు దిద్దాడు. కాకులకు వినిపించాడు. రాళ్ల మధ్య నేల మాత్రం ఏమీ అనలేదు. రోజూ ఊడుస్తూ అతను దాన్ని చూడటమే మానేశాడు. చేతులు ఊడుస్తుంటే కళ్లు కొండ దారి మీద ఉండేవి, పెద్దలు ఎప్పుడొస్తారా అని.

ఒక సాయంత్రం ఉరిమింది. నాలుగు చినుకులు పడ్డాయి. ఆ తర్వాత కొన్నాళ్లకు ఊడుస్తుంటే చీపురుకు ఏదో తగిలింది. నేల పగిలి, ఏనుగు దంతం మొనలా ఒకటి పైకి వస్తోంది. రోజు రోజుకీ లావెక్కింది. వంకాయ రంగు తిరిగింది. అంచుల్లో కుచ్చిళ్లు కనబడ్డాయి.

ధమ్మిలుడు చీపురు పారేసి గెంతాడు. అదే పువ్వు. అతని పువ్వు. ఏడాదంతా పాడిన పాట ఉరుము విన్నది. విని, వెతుక్కుంటూ వచ్చి, సరిగ్గా అతని గుమ్మం ముందే దిగింది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

పెద్దలు వచ్చేదాకా ఎవరి కంటా పడకూడదని, ఆ మొగ్గ మీద పెద్ద వెదురు బుట్ట బోర్లించాడు. గురువు అటుగా నడుస్తూ ఆగాడు.

"బుట్ట కింద ఏముంది?"

"సభ రోజున చూద్దురు గాని, భంతే."

"మంచిది. కుక్కలు లాగకుండా పైన రాయి పెట్టు" అని గురువు వెళ్లిపోయాడు.

సభ రోజు వచ్చింది. చుట్టుపక్కల విహారాల నుంచి పెద్దలు గొడుగులు వేసుకుని కొండెక్కారు. తిరగడానికి వెళ్లిన శిష్యులంతా తిరిగి చేరారు. పొద్దు వాలుతుండగా పాఠం మొదలైంది. ఐదు పుట్టుకలూ వల్లించడం అయ్యాక ధమ్మిలుడు లేచి నమస్కరించాడు.

"పెద్దలారా, ఆరోది ఉంది. మాటలతో చెప్పను, చూపిస్తాను. నా వెంట రండి."

అందరూ లేచి అతని గది ముందుకు వచ్చారు. రాళ్ల చుట్టూ వలయంగా కూర్చున్నారు. ముందు వరుసలో అందరికన్నా పెద్దవాడు, ఎనభై దాటిన భిక్షువు, సరిగ్గా కనబడదని బుట్టకు మరీ దగ్గరగా జరిగి కూర్చున్నాడు. గురువు మాత్రం ఎందుకో గాలి వచ్చే వైపు చూసుకుని, కాస్త ఎడంగా కూర్చున్నాడు.

ధమ్మిలుడు బుట్ట ఎత్తాడు.

నిజం చెప్పాలి, పువ్వు అద్భుతంగా ఉంది. ఆ సాయంత్రమే విచ్చుకుంటోంది. అందరూ "ఆహా" అన్నారు. ధమ్మిలుడు కళ్లు మూసుకుని రాగం ఎత్తుకున్నాడు. ఉరుముకు పుట్టేది, ఆకు ఎరుగనిది, అన్నాడు. మొగలిని మించిన, అంటూ గొంతు సాగదీశాడు.

ముందు ఈగలు వచ్చాయి. ఒకటి రెండు కాదు, ఊళ్లో ఉన్న ఈగలన్నిటికీ పిలుపు అందినట్టు వచ్చాయి. ఆ వెనకే వాసన వచ్చింది.

చచ్చిన పందికొక్కు వాసన ఎరుగుదువు కదా. గాదె కింద చచ్చి, మూడు రోజులు మగ్గి, ఎక్కడుందో దొరకనప్పుడు వస్తుందే, ఆ వాసన. దాన్ని పదింతలు చెయ్యి. ధమ్మిలుడికి ఈసారి జలుబు లేదు. పాట గొంతులో ఆగిపోయింది. అయినా పౌరుషం కొద్దీ "సుగంధం గలది" అనే మాట సగం అన్నాడు. మిగతా సగం దగ్గులో కలిసిపోయింది.

పెద్దలు ఒక్కొక్కరే కాషాయం కొంగు ముక్కుకు చుట్టుకున్నారు. ఒకాయన తన కింద ఏమైనా చచ్చిందేమోనని ఆసనం ఎత్తి చూసుకున్నాడు. ఎనభై దాటిన పెద్దాయన కదల్లేక అక్కడే ఇరుక్కున్నాడు. ఇద్దరు భిక్షువులు ఆయన్ని రెండు రెక్కలూ పట్టుకుని వెనక్కి జరిపారు. ఆయన ఊపిరి తీసుకుని, తీరిగ్గా అడిగాడు.

"నాయనా, ఈ వాసనకా నీ పేరు పెట్టావు?"

అంతే. ముందు ఎవరు నవ్వారో తెలియదు. కొండ కొండంతా నవ్వింది. మౌనవ్రతంలో ఉన్న ఒక భిక్షువు నోటికి గుడ్డ కుక్కుకుని నవ్వాడు. విధికుడు నవ్వకుండా ఉండాలని చూసి, చూసి, చివరికి గోడ వైపు తిరిగి భుజాలు ఎగరేస్తూ నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు, పగ లేదు. వాన ముందు చల్లగాలిలా ఉంది.

నవ్వు తగ్గాక గురువు అడిగాడు. "ధమ్మిలా, అది ఎక్కడ పూసింది?"

"ఇక్కడే, భంతే. రాళ్ల మధ్య."

"రాళ్ల మధ్య ముందు ఏముండేది?"

ధమ్మిలుడు రాళ్ల వైపు చూశాడు. ఏడాదంతా ఊడ్చిన చోటు అది. మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "కంద, భంతే" అన్నాడు. నెమ్మదిగా మోకాళ్ల మీద కూలబడి, ఆ కంపులోనే తల వంచి కూర్చున్నాడు.

పెద్దలు పాఠం పట్టే పీట విధికుడికి ఇచ్చారు. "నేను నెమ్మదిగా చెబుతాను, మీకు విసుగొస్తుంది" అన్నాడు విధికుడు. "రానీ" అన్నారు పెద్దలు. విధికుడు పీట ఎక్కి చేసిన మొదటి పని, కంద పాఠంలో "పువ్వు లేదు" అన్న మాట తీసేయడం. ఆ చోట ఏం పెట్టాలో ధమ్మిలుణ్ణి పిలిచి అడిగాడు.

"నువ్వే చెప్పు. ఏడాది దగ్గర ఉన్నవాడివి నువ్వు."

"ఆకు ఉన్నప్పుడు పువ్వు ఉండదు. పువ్వు ఉన్నప్పుడు ఆకు ఉండదు. వాసన కుళ్లు మాంసం" అన్నాడు ధమ్మిలుడు. ఆ తర్వాత, "ఇంకా కాయ చూడలేదు" అన్నాడు. విధికుడు అతని భుజం తట్టాడు.

పువ్వు వాడి ఒరిగింది. వానలు పడ్డాయి. అదే రాళ్ల మధ్య, అదే చోట, పాము పొడల కాడ ఒకటి తల ఎత్తి గొడుగు విప్పింది. ధమ్మిలుడు ఆ మొలక మొదలు గొడుగు దాకా అన్నీ చూశాడు. చూసి ఒకనాడు గురువు దగ్గరికి వెళ్లాడు.

"భంతే, కంద పూస్తుందని మీకు ముందే తెలుసు. ఒక్క మాట చెబితే పోయేది కదా."

"చెబితే నా మాట వినేవాడివి. దాన్ని చూసేవాడివి కాదు."

"మరి ఇన్నేళ్లూ పాఠంలో పువ్వు లేదనే ఎందుకు ఉంచారు?"

"తవ్వి తినేశాం నాయనా, ఏటా. పూసేదాకా ఎవరు ఆగారు? నేను విన్నాను గాని చూడలేదు. చూసినవాడు వచ్చి చెప్పాలి కదా."

ధమ్మిలుడు తల వంచాడు. "ఆరో పుట్టుక తీసేస్తున్నాను. ఆ పేరు కూడా తీసేయండి."

"పుట్టుక నీ నోట్లో ఉంది, తీసేయగలవు. పేరు ఊళ్లు తిరుగుతోంది. వెళ్లి తెచ్చుకో."

వానలు ఆగగానే ధమ్మిలుడు బయలుదేరాడు. తన పాట వెళ్లిన దారి పట్టుకుని విహారం తర్వాత విహారం తిరిగాడు. ప్రతిచోటా నిలబడి, "పుట్టుకలు ఆరు కావు, ఐదే. ఆ పువ్వు కంద పువ్వు. అది సుగంధం కాదు, కంపు. నేను వాసన చూడకుండా చెప్పాను" అని చెప్పాడు. మొదటి విహారంలో ఒక భిక్షువు నుదురు ముట్టుకుని చూపించాడు. ధమ్మిలగంధం తలనొప్పి తీస్తుందని విని నూరి పట్టించాడట. దురదకు నుదురు కంద దుంపలాగే ఉబ్బింది. తలనొప్పి మాత్రం పోలేదు. ధమ్మిలుడు అతని కాళ్లు పట్టుకున్నాడు. ఆ భిక్షువు లేవనెత్తి, "పోనీలే, దురదలో తలనొప్పి సంగతి మరిచిపోయాను" అన్నాడు.

అందరూ అతన్ని క్షమించారు. కొందరు అన్నం పెట్టారు. దిద్దిన పాఠం శ్రద్ధగా నేర్చుకున్నారు. కానీ పాట రాగం బాగుంది కదా, పేరు మాత్రం వదల్లేదు. భిక్షువుల నోట్లోంచి అది గృహస్థుల నోట్లోకి వెళ్లింది. అక్కడి నుంచి సంతలకు, పడవలకు, పొలాలకు వెళ్లింది. నడిచేకొద్దీ అరిగి, చివర ఉన్న గంధం ఊడిపోయింది.

చాలా ఏళ్లు గడిచాయి. శీలరక్షితుడు పోయాడు. ధమ్మిలుడు ముసలివాడయ్యాడు. ఇప్పుడు అతను ఏ మొక్క గురించైనా ఒక మాట చెప్పాలంటే ఏడాది తిరగాలి. తిరుగుతూ తిరుగుతూ, ఎన్నడూ చూడని దూరదేశంలో ఒక చిన్న ఊరి చివర ఆగాడు. వేసవి చివర అది. తెల్లవారాక ఒక ఇల్లాలు చెంబుతో గంజి తెచ్చి అతని పాత్రలో పోస్తూ, ఉన్నట్టుండి ముక్కు మూసుకుంది.

"అటు పొదల వైపు వెళ్లకండి భంతే. అక్కడెక్కడో ధమ్మిలుడు పూశాడు."

అతను పాత్ర దించి అడిగాడు. "ధమ్మిలుడంటే ఎవరమ్మా?"

"ఎవరేమిటి భంతే, మనిషి అనుకున్నారా? అదొక కంపు పువ్వు. మా అమ్మ కాలం నుంచీ అలాగే అంటాం."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆమెకు నిజంగా తెలియదు. అతనికి నవ్వొచ్చింది. గంజి పొలమారేదాకా నవ్వాడు. ఆమె కూడా ఎందుకో తెలియకుండానే అతనితో కలిసి నవ్వింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఇంత నవ్వే భిక్షువుని నేను చూడలేదు. మీ పేరేమిటి భంతే?" అని అడిగింది.

"చెబితే నువ్వు గంజి చెంబు పట్టుకుని పరుగెత్తుతావమ్మా" అన్నాడు.

ఆ ఊళ్లో అతను చనిపోయేదాకా ఉన్నాడు. అందరూ అతన్ని ప్రేమించారు, మందు అడిగారు, మాట విన్నారు. పేరు పెట్టి పిలిచినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. చెప్పుకోవడానికి అతని దగ్గర పేరు మిగల్లేదు.